పదమూడు అంగల దూరం

ఆటోనగర్‌లో బ్రేకుల కాశిం అంటే తెలియనివాళ్లు తక్కువ. లారీలకు బాడీలు కట్టే వీధి చివర, రెండు వెల్డింగు షాపుల మధ్య ఇరుక్కుని ఉంటుంది అతని కొట్టు. అందులో చేసే పని ఒక్కటే, మోటారు సైకిళ్లకీ స్కూటర్లకీ బ్రేకులు బాగుచేయడం. ఇంజను సంగతి అడిగితే పక్క వీధి చూపిస్తాడు. హారను మోగడం లేదంటే నవ్వేసి, "బ్రేకున్నవాడికి హారనెందుకండీ" అంటాడు. అరిగిన లైనర్లు ఊడదీసి కొత్తవి వేయడం, డ్రమ్ములో పేరుకున్న దుమ్ము దులపడం, రేపో మాపో తెగబోయే వైరుని వేలితో తడిమి ఇవాళే కనిపెట్టడం, ఇవన్నీ ముప్ఫై ఏళ్లుగా చేస్తున్నాడు. అతని చెయ్యి పడిన వెనక బ్రేకు ఆర్నెల్లదాకా కిక్కురుమనదు.

ముందు బ్రేకు సంగతి వేరు. కాశిం కొట్టులోంచి బయటికొచ్చిన ఏ బండికైనా కుడి చేతి లీవరు నొక్కి చూస్తే, అది మెత్తగా వచ్చి హ్యాండిలుకి ఆనుకునేది. చక్రానికి మాత్రం ఏమీ పట్టేది కాదు. అది కాశిం కావాలని చేసే పని. బండి అప్పగించబోతూ ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, వైరు చివరనున్న నట్టుని నాలుగు చుట్లు వెనక్కి తిప్పేవాడు. డిస్కు బ్రేకున్న బండైతే తిప్పడానికి నట్టుండదు కాబట్టి, యజమానిని నిలబెట్టి చిన్న ఉపన్యాసం ఇచ్చేవాడు. "ఈ కుడి చేతి లీవరు జోలికి పోకండి. అది మనిషిని ఎత్తి అవతల పారేస్తుంది. కాలు ఉంది, కాలితో తొక్కండి" అనేవాడు. ఈ సేవకి ఎప్పుడూ ఏమీ పుచ్చుకోలేదు. ఇంకొకర్ని కాపాడానన్న తృప్తితో చేతులు తుడుచుకునేవాడు.

చిత్రం ఏమిటంటే, అడిగి మరీ చేయించుకునేవాళ్లకీ కొదవ లేదు. మంగళగిరి నుంచి చీరల మూట వెనక కట్టుకుని బెజవాడ షాపులన్నీ తిరిగే ఆదిశేషయ్య గారైతే, బండి స్టాండు వేయకముందే, "కాశిం, ముందుది పట్టేస్తోందయ్యా, కాస్త వదులు చెయ్యి" అని మొదలుపెట్టేవారు. ఆయన సొంతంగా మగ్గం నేసే మనిషి. అరవై దాటినా నేత మానలేదు, బండి మానలేదు. ముందు బ్రేకు పడితే మూట ఒకవైపు, తాను ఒకవైపు ఎగిరి పడతామని ఆయనకి గట్టి నమ్మకం. కాశిం నట్టు తిప్పుతుంటే పక్కనే నిలబడి, బిడ్డకి టీకా వేయిస్తున్న తండ్రి మొహం పెట్టుకుని చూసేవారు.

ఎందుకిలా అని కాశింని ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పి ఉండేవాడు కాదు.

ఇరవై ఏడేళ్ల కిందటి మాట. సయీదాతో పెళ్లయి నలభై రోజులు కూడా కాలేదు. సెకండ్ హ్యాండు మోటారు సైకిలొకటి కొన్నాడు. భార్యని వెనక కూర్చోబెట్టుకుని, కృష్ణా నది కరకట్ట మీదుగా తోట్లవల్లూరు, ఆమె పుట్టింటికి బయల్దేరాడు. తెల్లవారుజామున వాన పడి వెలిసింది. చోడవరం దాటాక ఒక గేదె గట్టు కింద నుంచి పైకెక్కి అడ్డం వచ్చింది. కాశిం చేతికి అందిన బ్రేకు గట్టిగా పట్టేశాడు. ముందు చక్రం సర్రున పక్కకు పోయింది. కళ్లు తెరిచేసరికి తాను బురదలో ఉన్నాడు. నాలుగు గజాల దూరంలో సయీదా ఎడమ చెయ్యి కింద పడి, పైటకొంగు నోట్లో కుక్కుకుని పడి ఉంది. ఏడుపు బయటికి వినిపిస్తే మొగుడు భయపడతాడని అలా కుక్కుకుంది. ఆ తర్వాత ఎన్ని కట్లు కట్టించినా ఆ మోచెయ్యి పూర్తిగా తిన్నగా రాలేదు.

ఆ రోజు తర్వాత సయీదా మళ్లీ అతని బండి ఎక్కలేదు. పుట్టింటికైనా, పెళ్లికైనా, ఆసుపత్రికైనా బస్సులోనో ఆటోలోనో వెళ్లేది. "మీరు ముందు వెళ్లండి, నేను వెనకాల వస్తా" అని నవ్వుతూ అనేది. కాశిం ఎక్కమని ఎప్పుడూ అడగలేదు. తనంటే భయం పట్టుకుందనీ, ఆ భయం పోగొట్టే అర్హత తనకి లేదనీ అనుకున్నాడు. పటమటలో వాళ్ల ఇంటి పెరట్లో దండెం అతని గడ్డానికి తగిలే ఎత్తులోనే ఉంటుంది, సయీదా చెయ్యి అంతకుమించి లేవదు గనక. కాశిం రోజూ దానికి తగులుకుంటాడు, రోజూ విసుక్కుంటాడు, ఒక్కసారి కూడా పైకి కట్టలేదు. వాళ్ల ప్రేమ గురించి ఇంతకంటే ఎక్కువ చెప్పడం నాకు చేతకాదు.

వాళ్లకి ఒక్కతే కూతురు, అఫ్సా. ఇరవై నాలుగేళ్లది. ఒక రక్తపరీక్షల ల్యాబులో పని. పొద్దున్నే ఆరింటికల్లా స్కూటర్ మీద బయల్దేరి, బెంజి సర్కిల్ దాటి, కొండ పక్క ఫ్లైఓవర్ ఎక్కి, భవానీపురంలో ఇళ్లకెళ్లి పెద్దవాళ్ల దగ్గర రక్తం తీసుకొస్తుంది. సూది గుచ్చినట్టు తెలియకుండా గుచ్చుతుందని అక్కడ పేరు. "అఫ్సా వస్తేనే చెయ్యి ఇస్తా" అని మొండికేసే ముసలమ్మలు నలుగురైదుగురు ఉన్నారు. వాళ్ల మాటలు ఇంటికొచ్చి చెబుతూ, వాళ్లలాగే నడుము మీద చెయ్యి వేసుకుని నడిచి చూపిస్తుంది. ఆ పిల్లకి ఆ ఉద్యోగమంటే ప్రాణం. అందులోనూ పొద్దుటి గాలిలో ఆ స్కూటర్ మీద వెళ్లడమంటే మరీను.

ఆ స్కూటర్ ఏడాదిన్నర కిందట కొన్నది, పాత మోడల్. ఇప్పటి బళ్లలాగా ఒక లీవరు నొక్కితే రెండు చక్రాలూ పట్టే ఏర్పాటు దానికి లేదు. కొన్న రోజే కాశిం దాన్ని కొట్టుకి తీసుకెళ్లి రెండు చక్రాలకీ లైనర్లు మార్చాడు, వైర్లు మార్చాడు, టైర్లు మార్చాడు. చివర్లో ముందు చక్రం దగ్గర కూర్చుని నట్టు తిప్పాడు. అందరికీ నాలుగు చుట్లు. కూతురి బండి కదా, ఆరు చుట్లు తిప్పాడు. ఆ తర్వాత ప్రతి ఆదివారం బండి తుడిచి, నట్టు ఎక్కడుందో చూసి, హాయిగా భోజనం చేసేవాడు. పాపం, తన కూతురికి ఇంతకంటే కాపలా ఎవరు కాయగలరని అనుకునేవాడు.

శ్రావణమాసం ఎండ కాస్తున్న ఒక గురువారం, పొద్దున తొమ్మిదింటికి అఫ్సా ఆటోలో ఇంటికొచ్చింది. మోకాలి దగ్గర చుడీదార్ చిరిగింది. అరచేయి చెక్కుకుపోయింది. స్కూటర్ని వెనకాల ఇంకో ఆటోలో వేసి తెచ్చారు. కాశిం ఇంకా కొట్టుకి వెళ్లలేదు. గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"నాకేం కాలేదు నాన్నా, కంగారుపడకు" అంటూనే ఆ పిల్ల కుర్చీలో కూలబడి ఏడ్చేసింది.

భవానీపురంలో ఒక సందు. స్కూలు ఆటో వచ్చిందని ఆరేళ్ల పిల్ల ఒకతి గేటు తీసుకుని రోడ్డు మీదికి పరిగెత్తింది. అఫ్సా చూసింది. బ్రేకులు పట్టింది. వెనక చక్రం కీచుమని బిగుసుకుపోయి జారింది, బండి అడ్డం తిరిగి పడి, మనిషితో సహా ఈడ్చుకుంటూ పోయి ఆ పిల్ల బూట్ల ముందు ఆగింది. రక్తం గొట్టాల పెట్టె దొర్లి ఆ పిల్ల కాళ్లకి తగిలింది. పిల్లకి గీత కూడా పడలేదు. జానెడు దూరం, అంతే.

"రెండూ నొక్కాను నాన్నా. నిజంగా. రెండు చేతుల్తో గట్టిగా నొక్కాను. అయినా ఆగలేదు" అంది అఫ్సా. "నాకు చేతకాదు. ఇన్నాళ్లూ వచ్చనుకున్నాను, అంతే. ఆ పిల్లకేమన్నా అయ్యుంటే? ఇంకెప్పుడూ ఎక్కను. సోమవారం నుంచి లోపల కూర్చునే డ్యూటీ అడుగుతా."

స్కూటర్ తాళం తీసి ఫ్రిజ్ మీద పెట్టేసింది. సయీదా కూతురి మోకాలు కడుగుతూ, తలెత్తకుండా, "సరేలే అమ్మా, మానెయ్. కొన్ని మనకి రాసిపెట్టి ఉండవు" అంది. ఆ లీవరు ఎందుకు పట్టలేదో ఆ ఇంట్లో తెలిసింది కాశిం ఒక్కడికే. చేయని తప్పుని నెత్తిన వేసుకుని ఇష్టమైన ఉద్యోగం వదులుకోబోతున్న కూతుర్ని చూస్తూ, టీ చల్లారేదాకా అలా కూర్చున్నాడు.

మూడు రోజులు సరిగ్గా తిండి దిగలేదు. ఒకవేళ ముందు బ్రేకు పట్టి ఉంటే ఇంకా ఘోరంగా పడేదేమో, ఎగిరి ఆ పిల్ల మీదే పడేదేమో, నేను చేసింది మంచే ఏమో అని ఒక మనసు. రెండో మనసు మాత్రం ఒకటే మాట అంటోంది. రెండూ నొక్కాను నాన్నా, ఆగలేదు.

ఆదివారం ఆటోనగర్ మూతపడి ఉంటుంది. వీధులన్నీ ఖాళీ. పొద్దున ఏడింటికి కాశిం కూతురి స్కూటర్ తీసుకుని అక్కడికి వెళ్లాడు. వంగిన హ్యాండిలు సరిచేశాడు. సుద్దముక్కతో సిమెంటు రోడ్డుకి అడ్డంగా గీత గీశాడు. నలభై స్పీడులో వచ్చి, ముందు చక్రం గీత తాకగానే లీవర్లు రెండూ నొక్కాడు. బ్రేకులు అఫ్సా పడినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. వెనక చక్రం జారింది, తోక ఊపింది, పోయి పోయి ఆగింది. దిగి అంగలు లెక్కపెట్టాడు. ఇరవై ఏడు. నమ్మకం కుదరక మళ్లీ చేశాడు. ఇరవై ఆరు. మళ్లీ ఇరవై ఏడు.

అప్పుడు ముందు చక్రం దగ్గర కూర్చుని నట్టు బిగించాడు. ఆరు చుట్లు. ఊరందరి బ్రేకులూ బాగుచేసే మనిషి, ఇరవై ఏడేళ్లుగా ముందు బ్రేకు ఒక్కసారి కూడా పట్టలేదు. ఆదివారం పూట తనని చూసేవాళ్లెవరూ లేనందుకు దేవుడికి దణ్ణం పెట్టుకుని, మొదట నడక వేగంలో పట్టి చూశాడు. తర్వాత ఇరవైలో. లటుక్కున లాగకుండా, నిమ్మచెక్క పిండినట్టు ముందు మెల్లగా, తర్వాత గట్టిగా. బండి ముందుకి వంగింది. బరువంతా ముందు చక్రం మీదికి వచ్చి, ఆ చక్రం రోడ్డుని ఇంకా గట్టిగా పట్టుకున్నట్టు అతని చేతికి తెలిసింది. ఎగరలేదు. పారేయలేదు. చెప్పిన చోట ఆగింది.

చివరికి నలభైలో వచ్చి, గీత దగ్గర రెండూ కలిపి నొక్కాడు. దిగి లెక్కపెట్టాడు. పద్నాలుగు.

మళ్లీ వచ్చి లెక్కపెట్టాడు. పద్నాలుగే. ఇరవై ఏడుకీ పద్నాలుగుకీ మధ్య మిగిలిన రోడ్డు మీద అటూ ఇటూ నడిచాడు. పదమూడు అంగలు. ఆ పదమూడు అంగల్లో ఎక్కడో ఆ ఆరేళ్ల పిల్ల నిలబడి ఉంది. ఇరవై ఏడేళ్లలో తన చేతి మీదుగా వెళ్లిన బళ్లెన్నో అతనికి తెలియదు. వాటన్నిటికీ ఈ పదమూడు అంగలు తానే కోసి పంపించాడు. మూసి ఉన్న షట్టరు ముందు కూర్చుని కాశిం చాలాసేపు ఏడ్చాడు.

ఇంటికొచ్చేసరికి అఫ్సా ఉల్లిపాయలు తరుగుతోంది. సయీదా ఎవరిదో చీరకి ఫాల్ కుడుతోంది. కాశిం తాళం ఫ్రిజ్ మీద పెట్టకుండా కూతురి ముందు పెట్టాడు.

"నీ బ్రేకు నేనే వదులు చేశానమ్మా" అన్నాడు. "బండి కొన్న రోజే. నువ్వు నొక్కింది నిజమే. పట్టడానికి అక్కడ ఏమీ లేదు."

అఫ్సాకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కత్తిపీట పక్కన పెట్టింది. "ఎందుకు?"

"మీ అమ్మని పడేశాను కదా, ముందు బ్రేకు పట్టి. నువ్వు కూడా అలా పడతావేమోనని..."

"పడతానేమోనని నాకు బ్రేకే లేకుండా చేశావా? మూడు రోజుల్నించీ నా తప్పేనని ఏడుస్తుంటే చూస్తూ కూర్చున్నావా?"

అఫ్సా లేచి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. సయీదా చేతిలో సూది ఆగిపోయింది. ఆమె మొగుడి వైపు ఏదో చెప్పబోయినట్టు చూసింది. తర్వాత కుడిచేతిని ఒళ్లో చీర కింద దాచుకుని, మళ్లీ తల వంచుకుంది. తిట్టినా బాగుండేదని కాశిం అనుకున్నాడు.

సోమవారం కూతురు మాట్లాడలేదు. క్యారేజీ మాత్రం కట్టి పెట్టింది. కోపంలోనూ అన్నం మాన్పించే వంశం కాదు వాళ్లది. కాశిం ఆ క్యారేజీని గుమ్మం పక్కనే మర్చిపోయి కొట్టుకి వెళ్లాడు.

మొదటి బేరం ఆదిశేషయ్య గారే. మూట దించకుండానే, "వెనకది చూడు, ముందుది మామూలే" అన్నారు. కాశిం వెనక బ్రేకు చూశాక, ముందు చక్రం దగ్గర కూర్చుని నట్టు బిగించడం మొదలుపెట్టాడు.

"అదేంటయ్యా! అటు తిప్పుతున్నావేంటి?"

"బిగిస్తున్నానండి."

"నన్ను చంపుదామనా? నీకు నేనేం అపకారం చేశాను?"

"చేసిందంతా నేనేనండి" అంటూ కాశిం లేచి నిలబడ్డాడు. "ఇన్నేళ్లూ మీకు వదులు చేసిచ్చింది తప్పండి. మీ ఒక్కరికే కాదు, వచ్చినోళ్లందరికీ చేశాను. నా కూతురు బండికీ చేశాను. మొన్న పిల్ల పడింది. చిన్నపిల్లొకతి చచ్చి బతికింది. దోషం నాదేనండి."

పక్కన వెల్డింగు చేస్తున్నవాళ్లు కూడా ఆపి చూస్తున్నారు. ఆదిశేషయ్య గారు గొంతు తగ్గించి, "పిల్లలిద్దరూ బాగానే ఉన్నారా?" అని అడిగారు. ఉన్నారని విన్నాక, "అయినా ముందుది పడితే ఎగిరిపోమూ?" అని తన మొదటి అనుమానానికే వచ్చారు.

"ఏవండీ, మగ్గం మీద కూర్చున్నప్పుడు కాలు తొక్కుతుంటే చెయ్యి ఊరుకుంటుందా?"

"అదెలా ఊరుకుంటుంది? రెండూ కలిసి ఆడకపోతే నేతెక్కడ?"

"ఇదీ అంతేనండి. కాలూ చెయ్యీ కలిసి పట్టాలి. చెయ్యి లటుక్కున లాగకూడదు, మెల్లగా మొదలెట్టి బిగించాలి. హ్యాండిలు తిన్నగా ఉండాలి. మలుపుంటే, మలుపు రాకముందే వేగం తగ్గించుకోవాలి. ఇసకా బురదా ఉన్నచోట దాన్ని గట్టిగా పట్టకూడదు. రండి, గీత చూపిస్తాను."

చీరల మూట కొట్టులో దింపించి, కాశిం ఆయన్ని సుద్దగీత దగ్గరికి తీసుకెళ్లాడు. ఆదిశేషయ్య గారు పంచె ఎగ్గట్టి, మొహం బిగబట్టి, ఆంజనేయస్వామిని తలచుకుని మూడు సార్లు ఆపారు. మూడోసారి ఆగాక వెనక్కి తిరిగి చూసుకుని, చిన్నపిల్లాడిలా నవ్వారు. "ఎగరలేదయ్యా!" అన్నారు.

పక్క వెల్డింగు షాపు ముందు క్యారేజీ పట్టుకుని అఫ్సా నిలబడి ఉంది. షేరు ఆటోలో వచ్చి ఎంతసేపైందో. తండ్రి నలుగురి ముందు దోషం నాదేనండి అనడం దగ్గర్నించీ అన్నీ విన్నది. వచ్చి క్యారేజీ అతని చేతిలో పెట్టింది.

"అన్నం మర్చిపోయావు" అంది. సుద్దగీత వైపు చూసి, "నాకు కూడా చూపించు, ఆ గీత. ఇక్కడ వద్దు, ఇంతమంది ముందు. ఆదివారం" అంది.

కాశిం తల ఊపాడు. కంట్లో ఇనుపరజను పడ్డట్టు మొహం తుడుచుకున్నాడు.

ఆ ఆదివారం పొద్దున్నే స్కూటర్ మీద కూతురూ, తన మోటారు సైకిలు మీద కాశిమూ బయల్దేరుతుంటే, సయీదా చెప్పులేసుకుని గుమ్మంలోకి వచ్చింది. "నేనూ వస్తా. మీరు పదండి, వెనకాల ఆటోలో వస్తా" అంది. ఎందుకని కాశిం అడగలేదు.

ఆటోనగర్ ఖాళీ రోడ్డు మీద సుద్దగీత చెరిగిపోతే మళ్లీ గీశారు. అఫ్సా మొదట భయపడింది. రెండుసార్లు గీత దాకా వచ్చి నొక్కకుండా వెళ్లిపోయింది. మూడోసారి నొక్కింది. ఆరోసారికి నవ్వింది. పదోసారికి, "ఇదీ బ్రేకంటే! ఇన్నాళ్లూ నేను తొక్కింది రిక్షానా?" అని తండ్రిని దెప్పిపొడిచింది. ఆ దెప్పు విని కాశిం గుండె కుదుటపడింది. మళ్లీ మాట్లాడుతోంది కదా, ఏమన్నా పరవాలేదు.

"ఒకటి గుర్తుంచుకో తల్లీ. హ్యాండిలు తిన్నగా ఉన్నప్పుడే గట్టిగా పట్టు. వంకరగా ఉన్నప్పుడు నొక్కితే చక్రం కింద నుంచి జారిపోతుంది. ఆ రోజు కరకట్ట మీద నాకు అదే జరిగింది. తిన్నని రోడ్డే, గేదె కూడా ఎదురుగానే ఉంది. నా హ్యాండిలు ఎందుకు తిరిగిందో నాకిప్పటికీ తెలీదు."

"నేను లాగానండి."

ఇద్దరూ వెనక్కి తిరిగారు. సయీదా మూసి ఉన్న కొట్టు మెట్టు మీద కూర్చుని ఉంది. కుడిచేతిని ఎడమచేతితో పట్టుకుని ఉంది.

"గేదెని చూసి హడలిపోయి మీ కుడిచెయ్యి పట్టుకుని లాగేశాను. ఈ చేత్తోనే. మీరు పట్టిన బ్రేకుతో సహా లాగేశాను. అప్పుడు తిరిగింది బండి. ఆసుపత్రిలో చెబుదామనుకున్నా. మీరు నా మంచం పక్కన కూర్చుని నన్ను క్షమించమని ఏడుస్తున్నారు. అప్పుడు నోరు రాలేదు. తర్వాత ఎంత ఆలస్యమైతే అంత చెప్పలేకపోయాను. మొన్న మీరు పిల్లకి చెబుతుంటే కూడా చెప్పలేకపోయాను."

కాశిం ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు. "అందుకా నా బండి ఎక్కనిది?"

"మళ్లీ భయమేసి లాగుతానేమోనని. మిమ్మల్ని పడేస్తానేమోనని."

"నేనంటే నమ్మకం పోయిందనుకున్నానే" అన్నాడు కాశిం. "ఇరవై ఏడేళ్లు నా వెనక సీటు ఖాళీగా పెట్టుకుని తిరిగాను సయీదా."

"నాకు తెలుసు. ప్రతిసారీ ఆటోలోంచి ఆ సీటే చూసుకుంటూ వచ్చేదాన్ని."

తాను అక్కడే ఉంటే వాళ్లు ఇంకేమీ మాట్లాడుకోరని గ్రహించి, అఫ్సా సుద్దముక్క తీసుకుని గీత మీదే మళ్లీ గీత గీయడానికి వెళ్లింది. ఆ గీత అంత శ్రద్ధగా గీసినవాళ్లు లేరు.

కాసేపటికి కాశిం, ఆ వారంలోనే ముందు బ్రేకు బిగించుకున్న తన మోటారు సైకిలు స్టార్టు చేశాడు. సయీదా చీర కుచ్చిళ్లు సర్దుకుని, అతని భుజం ఆసరాతో ఒకవైపుగా ఎక్కి కూర్చుంది. కుడిచెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక గాల్లో ఉంచింది.

"ఈ చేతిని ఏం చెయ్యమంటారు?"

"నా మీద వెయ్. లాగాలనిపిస్తే లాగు. నేను నిదానంగానే పోతాను" అన్నాడు కాశిం.

ఆమె చెయ్యి అతని భుజం మీద పడింది. వీధి చివరి దాకా వెళ్లి తిరిగొచ్చారు. వెనక మనిషుంటే ఆగడానికి ఇంకొంచెం దూరం కావాలని అతనికి తెలుసు, అందుకని వేగం ముందే తగ్గించాడు. గీత వచ్చింది. కాలు తొక్కింది, వేళ్లు మెల్లగా ముడుచుకుని బిగిశాయి. బండి ముందుకి వంగింది. భుజం మీద చెయ్యి ఒక్కసారి బిగుసుకుంది. లాగలేదు. బండి తిన్నగా ఆగింది.

అఫ్సా అంగలు లెక్కపెట్టడానికి పరిగెత్తుకొచ్చింది. "దిగమ్మా, కొలవాలి."

సయీదా దిగలేదు. పూర్తిగా చాపలేని ఎడమచేత్తో కొంగు తల మీదికి లాక్కుని, కుడిచెయ్యి తీయకుండానే అడిగింది. "ఏవండీ, ఇక్కణ్ణించి తోట్లవల్లూరు ఎంతసేపు?"

"కరకట్ట మీదుగా అయితే గంటలోపే."

"పదండి మరి."

కాశిం లీవరు ఇంకొకసారి నొక్కి చూసుకున్నాడు. బండి కరకట్ట వైపు తిప్పాడు. వెనక స్కూటర్ మీద అఫ్సా బయల్దేరింది.